అమ్మమ్మ నీళ్లడిగిన మూడు కాలేజీలు

నేను ఏ కాలేజీలో చేరాలో తేల్చడానికి మా అమ్మమ్మ మూడు ఊళ్లు తిరిగింది. ఆవిడకు చదువు రాదు. ఏ కాలేజీలో ఏ గ్రూపులున్నాయో, ఎంతమంది పాసవుతున్నారో ఆవిడకు అక్కర్లేదు. ఆవిడకు తెలిసిన విద్య ఒకటే, పిల్లనిచ్చే ఇల్లు చూడటం. మల్లాపూర్ దిక్కున ఉన్న మా పల్లెలో, మా వాడలో ఏ ఆడపిల్లకు సంబంధం వచ్చినా ముందుగా మా అమ్మమ్మే వెళ్లి ఆ ఇల్లు చూసి రావాలి. ఆవిడ ‘ఊ’ అన్నాకే మిగతా పెద్దమనుషులు తువ్వాల భుజాన వేసుకుని లేచేవారు.

ఇల్లు చూడటంలో ఆవిడ పద్ధతి ఆవిడది. ఎకరాలు అడగదు, ఎడ్లను చూడదు. గడప దగ్గర కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుని, “జర మంచినీళ్లియ్యుండ్రి, దూపైతున్నది” అంటుంది. ఆ తర్వాత నోరు మూసుకుని చూస్తుంది. నీళ్లు ఎవరు తెచ్చారు, ఎవరు చెబితే తెచ్చారు, తెచ్చిన మనిషి నవ్వుతూ వచ్చిందా, బెదురుతూ వచ్చిందా, చెంబు చేతికిచ్చిందా, కింద పెట్టి పోయిందా, అన్నీ చూస్తుంది. ఒకసారి బుగ్గారంలో ఒక ఇల్లు అందరికీ తెగ నచ్చేసింది. పెద్ద కోడలు నీళ్లు తెస్తూ అత్త మొహం వైపు రెండుసార్లు చూసిందని మా అమ్మమ్మ ఆ సంబంధం వద్దని లేచి వచ్చేసింది. వాడంతా తిట్టింది. ఏడాది తిరగకముందే ఆ పెద్ద కోడలు చంటిపిల్లను చంకనేసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. ఇక మా అమ్మమ్మను పట్టేవాళ్లు లేకపోయారు.

ఎనభైల మాట ఇది. నేను పదో తరగతి పాసయ్యాను. మా వాడలో పదో తరగతి పాసైన రెండో ఆడపిల్లను. మొదటి పిల్ల నాకంటే రెండేళ్లు పెద్దది. ఎంతో హుషారుగా కాలేజీలో చేరి, రెండు నెలలకే పెట్టె సర్దుకుని వచ్చేసింది. ఎందుకొచ్చావంటే తలనొప్పి అనేది. మళ్లీ మాతోపాటే వేపచెట్టు కింద కూర్చుని బీడీలు చుట్టింది. నాకు మాత్రం ఒకరోజు మెల్లగా చెప్పింది. “రెండు నెలలల్ల నన్ను పేరువెట్టి పిలిచింది ఒక్క హాజరు పిలిచే సారే. ఇంకెవ్వరు పిలువలే. అన్నం తినేటప్పుడు నేను కూసుంటే ఆళ్లు లేస్తుండె.” అంతే, మళ్లీ ఆ ముచ్చట ఎత్తలేదు. నాకు మాత్రం ఆ రోజు నుంచి కాలేజీ అంటేనే భయం పట్టుకుంది.

ఎందుకంటే నేను మాటలు లేకుండా బతకలేను. చిన్నప్పటి నుంచి తొమ్మిది మంది ఆడవాళ్ల మధ్య కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని పెరిగినదాన్ని. చాటలో తునికాకు, తంబాకు, దారం. చేతులు బీడీలు చుడుతుంటే నోళ్లు ఊరి సంగతులన్నీ చుట్టేవి. ఎవరి మొగుడు అలిగాడు, ఎవరి కోడి ఎవరింట్లో గుడ్డు పెట్టింది, ఏ సినిమాలో హీరోయిన్ ఎందుకేడ్చింది, అన్నీ అక్కడే తేలాలి. అంత లొల్లిలోంచి వెళ్లి, ఎవరూ పలకరించని బెంచీ మీద రెండేళ్లు కూర్చోమంటే నేనెక్కడ కూర్చుంటాను!

మా అమ్మ ఇంకో మెలిక పెట్టింది. కార్ఖానావాళ్లు మనిషి పేరు మీద ఇచ్చే బీడీల కార్డు అప్పుడే నా పేరున వచ్చింది. ఆ కార్డు కోసం ఆడవాళ్లు ఏళ్ల తరబడి తిరిగేవారు. పెళ్లి సంబంధాల్లో కూడా, పిల్ల ఎర్రగా ఉందా నల్లగా ఉందా అని అడగటానికి ముందే “కార్డున్నదా?” అని అడిగేవారు. నేను చదువుకు వెళ్తే ఆ కార్డు పోతుంది.

“పోతే పోనియ్యి” అంది అమ్మ. “సదువుకుంటనంటున్నవు, సదువుకో. గని ఒక్క కాలేజే. దాని లెక్క రెండు నెలలకు ఏడ్సుకుంట తిరిగచ్చినవనుకో, అటు కార్డు పాయె, ఇటు సదువు పాయె. మల్ల నా ముంగట కాలేజీ మాట ఎత్తద్దు. మంచిగ సూసుకొని చేరు.”

చూసుకోవడానికి బాపు రావాలి కదా. కానీ ఆ రోజుల్లో మగవాళ్లు బస్సెక్కితే ఇల్లు చేరేదాకా ఇంట్లో వాళ్లకు ప్రాణాలు గుప్పెట్లోనే. అడవి దిక్కు అన్నలు, రోడ్డు దిక్కు పోలీసులు. బస్సు ఆపి, వయసులో ఉన్న మగవాడిని దింపి, ఏ ఊరు, ఎటు పోతున్నావు, ఎందుకు పోతున్నావు, సంచిలో ఏముంది అని అడిగేవారు. కాలేజీల దగ్గర అయితే మరీను. “కాలేజీ చూడనీకి పోతున్నంటే ఎవడు నమ్ముతడు? నన్నే లోపలేస్తరు” అన్నాడు బాపు. అప్పుడు మా అమ్మమ్మ దంచుతున్న రోకలి పక్కన పెట్టి, “నేను పోత. ముసల్దాన్ని ఎవడడుగుతడు?” అంది.

“నీకేం తెలుస్తదే కాలేజీ గురించి?” అంది మా అమ్మ.

“పిల్లనిచ్చే ఇంటికి, పిల్ల సదివే కాలేజీకి ఏం ఫరకున్నది? రెండేండ్లు ఆళ్ల నడుమ బతకాలె గదా. సదువు పుస్తకంల ఉంటది, యాడికి పోతది? మనుషులెట్లున్నరో సూడాలె” అంది అమ్మమ్మ.

నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అప్పటికి నా కోపం ముక్కు మీదే ఉండేది, ఇప్పుడు కొంచెం కిందికి దిగింది. “నువ్వు అక్కడ గడపల కూసోని నీళ్లడుగుతవా?” అన్నాను. “అడుగుత. నీళ్లడుగుడు తప్పా?” అంది ఆవిడ. అలా మా కాలేజీ చూపులు మొదలయ్యాయి.

మొదట కోరుట్ల వెళ్లాం. మాకు అదే దగ్గర, పొద్దున వెళ్లి సాయంత్రం ఇంటికి రావచ్చు. మేం చూసిన కాలేజీ ఒక అద్దె ఇంట్లో నడిచేది. దాని పేరెందుకులెండి, ఆ కాలేజీ ఎప్పుడో మూతపడింది, ఇప్పుడక్కడ బట్టల దుకాణం ఉంది. వరండాలో పెద్ద నీళ్ల రంజన్, దాని మీద మూత, మూత మీద మెరిసిపోతున్న స్టీలు గ్లాసు. చూడగానే నాకు నచ్చేసింది. గోడలకు సున్నం కొత్తగా వేశారు, కిటికీలకు పచ్చరంగు. ఆడపిల్లలు రిబ్బన్లు కట్టుకుని ముచ్చటగా ఉన్నారు.

అమ్మమ్మ మెట్టు మీద కూర్చుని అటెండరును నీళ్లడిగింది. ఆయన మంచివాడే, నవ్వుతూనే వచ్చాడు. గ్లాసులో నీళ్లు ముంచాడు. ఇవ్వబోతూ, “ఏ ఊరవ్వా?” అన్నాడు. అమ్మమ్మ ఊరు చెప్పింది. “ఆ ఊర్లె ఎవరింటోళ్లు?” అన్నాడు. అమ్మమ్మ వాడ పేరు కూడా చెప్పింది. ఆయన మొహంలో నవ్వు పోలేదు, చెయ్యి మాత్రం వెనక్కి వెళ్లింది. గ్లాసు పైకెత్తి పట్టుకుని, “దోసిలి పట్టవ్వా” అన్నాడు. అమ్మమ్మ దోసిలి పట్టింది. గ్లాసు చేతికి తగలకుండా ఎత్తునుంచి నీళ్లు పోశాడు. ఎంత అలవాటో, ఒక్క చుక్క పక్కకు పడలేదు.

అమ్మమ్మ తృప్తిగా తాగి, తడి చేత్తో మెడ తుడుచుకుని, “నీళ్లు సల్లగున్నయి కొడుకా” అని లేచింది. గేటు దాటాక నాతో అంది, “గీ మాత్రానికి కోరుట్ల దాక ఎందుకే? మనూరి హోటలే నయముండె. నడువు.”

మా ఊరి చాయ్ హోటల్లో మా వాడవాళ్ల గ్లాసులు వేరుగా, బయట చూరుకు వేలాడుతుండేవి. తాగినవాళ్లే కడిగి మళ్లీ తగిలించాలి. ఒకరోజు పొద్దున్నే అన్నల తాలూకు పిల్లలు నలుగురు వచ్చి, ఆ గ్లాసులన్నీ దించి, “ఇగ అందరికి ఒకటే గ్లాసు” అని చెప్పి పోయారు. హోటలాయన గజగజ వణికి ఒప్పుకున్నాడు. మర్నాడు పోలీసులొచ్చి, వాళ్లు ఎటు పోయారో చెప్పమని మా వాడ వాళ్లందర్నీ ఎండలో కూర్చోబెట్టారు. గ్లాసులు మాత్రం ఒకటయ్యాయి. అమ్మమ్మ అది చాలదంటుంది. “భయపడి ఇచ్చిండు, మనసుతోని ఇయ్యలే” అని ఆ హోటల్లో చాయ్ తాగడమే మానేసింది. అంత పంతం మనిషి.

వారం తిరిగాక జగిత్యాల బస్సెక్కాం. జగిత్యాలలో నచ్చకపోతే అట్నుంచటే సిరిసిల్లలో మా చిన్నమ్మ ఇంటికి వెళ్లి అక్కడి కాలేజీ కూడా చూడాలని అనుకున్నాం. అందుకని అమ్మమ్మ రెండు చీరలు, సకినాల డబ్బా సర్దుకుంది. దారిలో సారంగాపూర్ పోయే అడ్డరోడ్డు దగ్గర పోలీసులు బస్సాపారు. మగవాళ్లను దింపి ఒక్కొక్కరిని అడుగుతున్నారు. ఒక కానిస్టేబుల్ లోపలికొచ్చి మా సంచి మీద కర్రతో తట్టి, “ఏముంది దీంట్లో?” అన్నాడు. అమ్మమ్మ డబ్బా మూత తీసి సకినం చేతిలో పెట్టింది. ఆయన కాసేపు ఆలోచించి, బయట తన పైఅధికారి వైపు ఓసారి చూసి, సకినం జేబులో వేసుకుని దిగిపోయాడు.

జగిత్యాలలో మేం చూసిన కాలేజీ పెద్దది. అంత పెద్ద గోడలు, ఆ గోడల నిండా ఎర్రక్షరాలు. ‘వర్ధిల్లాలి’ ఒకచోట, ‘నశించాలి’ ఇంకోచోట. నశించాల్సినవి ఎక్కువున్నాయి. చెట్ల కింద గుంపులు గుంపులుగా పిల్లలు. ఎవరో డప్పు కొడుతున్నారు. మమ్మల్ని చూడగానే గడ్డం ఉన్న ఒక అన్న ఎదురొచ్చి, “రా అమ్మా, కూసో” అని అమ్మమ్మ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, తన తువ్వాల పరిచి కూర్చోబెట్టాడు. ఏ వాడ అని అడిగాడు. చెప్పగానే ఇంకా దగ్గరకు జరిగి కూర్చున్నాడు. చాయ్ తెప్పించాడు, అందరూ తాగే గ్లాసులోనే. అమ్మమ్మను చూపిస్తూ పదిహేను మంది పిల్లలకు గంభీరంగా చెప్పాడు. “ఈ అమ్మ చేతులు చూడుండ్రి. ఈ చేతుల కష్టం మీదనే ఈ దేశం నడుస్తున్నది. రేపటి రాజ్యం ఈ చేతులదే.”

అమ్మమ్మ తన చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. నాకైతే ఒళ్లు పులకరించింది. ఇదే నా కాలేజీ, ఇక్కడే చేరతాను, డప్పు కూడా నేర్చుకుంటాను అని అక్కడికక్కడే నిశ్చయించుకున్నాను. అసలు మా అమ్మమ్మ చేతుల గురించి అంతవరకు ఎవరూ అలా మాట్లాడగా నేను వినలేదు. ఆ అన్న మాటల్లో అబద్ధం లేదు, ఇప్పటికీ ఆ మాటే అంటాను. కొన్నేళ్లకు ఆయన కనిపించకుండా పోయాడని విన్నప్పుడు నేను అన్నం తినలేదు.

గుంపులో ముగ్గురే ఆడపిల్లలున్నారు, వెనక నిలబడి ఉన్నారు. వాళ్లలో కళ్లద్దాల పిల్ల ఒకతి, “అన్నా, నేనొక్క మాట చెప్త” అని ముందుకొచ్చింది. సరిగ్గా అప్పుడే మా అమ్మమ్మ, “కొడుకా, జర మంచినీళ్లు” అంది. ఆ అన్న వెనక్కి తిరిగి, ఆ పిల్లతోనే, “జల్ది పోయి నీళ్లు తే” అని, మళ్లీ ఇటు తిరిగి ఉపన్యాసం అందుకున్నాడు. ఆ పిల్ల పరుగెత్తి వెళ్లి, పరుగెత్తి వచ్చింది. అమ్మమ్మ గ్లాసు అందుకుని, “ఏందో చెప్పబోయినవు గద బిడ్డా, ఏంది?” అని అడిగింది. “ఏం లేదవ్వా” అని ఆ పిల్ల వెనక్కి వెళ్లి తన చోట నిలబడింది. నాకు అది తప్పనే అనిపించలేదు. పెద్దావిడకు నీళ్లు తెస్తే ఏమైంది!

అంతలో గేటు దగ్గర జీపు చప్పుడైంది. డప్పు ఆగింది. కన్ను మూసి తెరిచేలోగా పదిహేను మందీ మాయం. తువ్వాల మీద మా అమ్మమ్మ, ఆవిడ చేతిలో నీళ్ల గ్లాసు, పక్కన నేను. ఎస్సై దిగాడు. ఆయన ఇటువైపు మనిషి కాదు, మాటలోనే తెలిసిపోయింది.

“ఏయ్ ముసలమ్మా, ఇక్కడేం చేస్తున్నావ్?”

“సంబంధం సూడనీకి అచ్చిన సారూ.”

“సంబంధమా? ఎవరికి?”

“గీ పిల్లకు. నా మనుమరాలు.”

“పెళ్లికొడుకు ఎవడు?”

అమ్మమ్మ చెయ్యెత్తి కాలేజీ బిల్డింగును చూపించింది. “గదే సారూ. ఇంక ఖాయం జేయలే. అంత మంచిగనే ఉన్నదనుకునే యాళ్లకు మీరు జీపేసుకొని అచ్చిరి. జర ఆలోచన చేయాలె.”

వెనకున్న కానిస్టేబుళ్లు నవ్వాపుకోలేక అటు తిరిగారు. ఎస్సై కోపం తెచ్చుకోవాలని చూశాడు కానీ ఆయనకూ రాలేదు. “పో, పో, ఇంటికి పో” అన్నాడు.

సిరిసిల్ల బస్సులో కూర్చున్నాక, “నేను గిక్కడనే చేరుత” అన్నాను. అమ్మమ్మ అడ్డంగా తలూపింది. “మాట మంచిగనే చెప్పిండు. రాజ్యం గీ చేతులదే అన్నడు. గీ చేతులకు నీళ్లు తేనీకి ఆడిపిల్లను ఉరికిచ్చిండు. ఆమె ఏం చెప్పబోయిందో ఎవ్వరన్న విన్నరా? నువ్వు రెండేండ్లు ఎనుక నిలవడి నీళ్లు మోస్తవా? నీ నోరు ఊకుంటదా?” అంది. నాకు ఒళ్లు మండిపోయింది. జీపుకు భయపడి వద్దంటున్నావు, నీళ్ల వంక పెడుతున్నావు అన్నాను. వేములవాడ దాటేదాకా ఆవిడతో మాట్లాడలేదు. ఆవిడ పల్లికాయలు ఒలిచి నా ఒళ్లో పోస్తూనే ఉంది, నేను కోపంగా తింటూనే ఉన్నాను.

సిరిసిల్లలో మా చిన్నమ్మ ఉండే గల్లీ అంతా సాంచెలే. కరెంటుతో బట్ట నేసే ఆ సాంచెల మోత పొద్దున లేచిన దగ్గర్నుంచి టకటక టకటక మోగుతూనే ఉంటుంది. ఆ మోతలో వినబడాలంటే అరవాల్సిందే. మా చిన్నమ్మ “ఎప్పుడచ్చిండ్రే?” అని ప్రేమగా అడిగినా కొట్లాటకు వచ్చినట్టుండేది. అమ్మమ్మ మొదట్లో బెదిరిపోయి, “గీ ఊరోళ్లందరికి ఏం కోపమచ్చిందే?” అంది. నాకు మాత్రం ఆ ఊరు చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఇంత గట్టిగా మాట్లాడే ఊళ్లో నా నోరు ఎవరికీ ఎక్కువనిపించదు.

మర్నాడు కాలేజీకి వెళ్లాం. రేకుల షెడ్లు, మధ్యలో బోరింగు. బోరింగు చుట్టూ అయిదుగురు ఆడపిల్లలు. ఒకరి తర్వాత ఒకరు దాని చెయ్యి పట్టుకుని వేలాడుతున్నారు, అది కిర్రుమంటోంది కానీ నీళ్లు రావటం లేదు. అమ్మమ్మ షెడ్డు గడప మీద కూర్చుంది, మొహం తుడుచుకుంది. “బిడ్డా, జర మంచినీళ్లియ్యుండ్రి, దూపైతున్నది.”

రెండు జడల బొద్దు పిల్ల తిరిగి చూసింది. “ఎవ్వరియ్యాలె అవ్వా? మాకే దిక్కులేదు. గిది గంట సేపటి సంది సతాయిస్తున్నది. నీ మనుమరాలు మంచి గట్టిగున్నది గద, ఆమెనే కొట్టుమను. మేము గూడ తాగుతం.”

నేను నవ్వుకుంటూ వెళ్లాను. మా వాడ బోరింగు దీనికంటే మొండిది. రెండు కాళ్లు దూరంగా పెట్టి, ఒంటి బరువంతా వేసి నాలుగు దెబ్బలు కొట్టేసరికి నీళ్లు భళ్లుమని వచ్చాయి. అయిదుగురూ ఒకేసారి దోసిళ్లు పెట్టేశారు. “నేను ముంగట”, “నేను ముంగట” అని తోసుకుంటూ, మొహాలు కడుక్కుంటూ, ఒకరి మీద ఒకరు చల్లుకుంటూ తాగారు. “ఆపకు, ఆపకు, ఇంక కొట్టు” అని నా మీద కేకలు. ఏ ఊరన్నారు, ఏ గ్రూపన్నారు, సినిమాలు చూస్తావా అన్నారు. “నువ్వు చేరు, మా బెంచీల జాగున్నది. నువ్వుంటే మాకు నీళ్ల రంది ఉండది” అంది రెండు జడల పిల్ల. నేనూ ఏదేదో చెబుతున్నాను, వాళ్లు విరగబడి నవ్వుతున్నారు. అందరూ అయ్యాక మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆవిడ లేచి వచ్చి చివరన తాగింది.

చిన్నమ్మ ఇంటికి వచ్చాక అమ్మమ్మ తీర్పు చెప్పింది. “బిల్కుల్ వద్దు. ఇంటికచ్చిన ముసల్దానికి నీళ్లియ్యని కాలేజీ ఏం కాలేజే? అచ్చిన పిల్లతోనే పని చేపిచ్చుకున్నరు. గిసోంటి ఇంట్ల పిల్లనిస్తరా ఎవరన్న?”

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. మూడూ వద్దంటే మిగిలింది చాటే. “అమ్మమ్మా, నువ్వు తిక్కదానివా?” అని సాంచెల మోతను మించి అరిచాను. “ఆళ్లు నాకు నీళ్లియ్యలే. నేను ఆళ్లకు ఇచ్చిన. నేను కొట్టిన నీళ్లు ఆళ్లు తాగిండ్రు!”

అమ్మమ్మ గొంతు తగ్గించి, “తెల్వక తాగిండ్రు” అంది.

నిజమే, ఎవరూ వాడ అడగలేదు, నేను చెప్పలేదు.

“గీ వయసచ్చింది నాకు” అంది అమ్మమ్మ. “నాట్లల్ల, కోతలల్ల ఎంతమందికి పని చేసిన. మన వాడ దాటి ఒక్క మనిషి నా చేతి నీళ్లు తాగలే. ఒక్కరు. దూపతోని నాలుక పీక్కపోయినా తాగలే.” ఆవిడ ఏడవలేదు. చిన్నమ్మ ఇచ్చిన చాయ్ మాత్రం చల్లారిపోయేదాకా అలాగే పట్టుకుని కూర్చుంది. చివరికి, “రేపు మల్ల పోదాం. చెప్పి సూద్దాం” అంది.

“వద్దమ్మమ్మా” అని కాళ్లావేళ్లా పడ్డాను. ఎవరికీ తెలియదు కదా, అలాగే ఉండనీ, ఎందుకు కెలుకుతావు అన్నాను. “ఇయ్యాల తెల్వది. దసరా నాటికి తెలుస్తది. అప్పుడు బెంచీల జాగ లేదంటే తలనొప్పని తిరిగస్తవా? సంబంధం చేసేటప్పుడు దాపెట్టుడు నా తాన లేదు బిడ్డా. వద్దనేటోళ్లు ముందుగాలనే వద్దనాలె” అంది. ఆవిడతో వాదించి గెలిచినవాళ్లు మా వంశంలో లేరు.

మర్నాడు ఆ అయిదుగురూ బోరింగు దగ్గరే ఉన్నారు. నన్ను చూసి “అగో అచ్చింది, అగో అచ్చింది” అని చప్పట్లు కొట్టారు. నేను అమ్మమ్మ వెనక్కి జరిగాను. అమ్మమ్మ తిన్నగా వాళ్ల ముందుకు వెళ్లి, నడుము నిటారుగా పెట్టి నిలబడింది.

“బిడ్డా, మేము మాలోళ్లం. నిన్న నా మనుమరాలు కొట్టిన నీళ్లు తాగిండ్రు. తెల్వక తాగిండ్రేమో అని చెప్పనీకచ్చిన.”

ఆ అయిదుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. రెండు జడల పిల్లకు మాత్రం నిజంగానే ఏమీ అర్థం కానట్టుంది.

“అయితేంది అవ్వా?” అంది. “మాకు బోరింగు కొట్టెటోళ్లు కావాలె. గీళ్లంత బక్కోళ్లు, పొద్దటి సంది సుక్క నీళ్లు రాలే.”

అమ్మమ్మ ఆ పిల్లను కిందినుంచి పైదాకా చూసింది. నేను బోరింగు వైపు అడుగు వేయబోతే నా భుజం పట్టి వెనక్కి లాగింది. కొంగు నడుముకు చుట్టి, తానే వెళ్లి బోరింగు చెయ్యి అందుకుంది. నేను కొడతానన్నా వినలేదు. ఒక దెబ్బ, రెండు దెబ్బలు, ఆయాసపడుతూ ఇంకో నాలుగు. నీళ్లొచ్చాయి.

“తాగుండ్రి బిడ్డా” అంది.

రెండు జడల పిల్ల ముందుగా దోసిలి పట్టింది. తర్వాత ఇంకొకతి, ఆ తర్వాత ఇంకొకతి, నాలుగో పిల్ల కొంచెం ఆగి, పట్టింది. అయిదో పిల్ల “నాకు దూప లేదు” అని పుస్తకాలు సర్దుకుంటూ పక్కకు జరిగింది. నేను చూశాను. అమ్మమ్మ కూడా చూసిందని నాకు తెలుసు, ఆవిడ కళ్లు అలాంటివి. అయినా ఆవిడ కొట్టడం ఆపలేదు. చీర తడిసింది, జుట్టు ముడి ఊడి భుజం మీద పడింది, నవ్వుతోందో రొప్పుతోందో తెలియడం లేదు. “ఇగ చాలవ్వా, కడుపులు నిండినయి” అని ఆ పిల్లలు మొత్తుకుంటున్నారు. హాజరు గంట కూడా కొట్టేశారు.

“ఇంకొక్క దోసెడు బిడ్డా” అంటోంది మా అమ్మమ్మ. “ఇంకొక్క దోసెడు తాగుండ్రి.”